గోడ దాహం

బోస్టన్ దగ్గర కొత్తిల్లు కొనుక్కున్న పాఠకురాలొకరు నాలుగు ఫోటోలతో ఒక ప్రశ్న పంపారు. ఇంకా రంగులు వేయించలేదట. హాల్లో హీటర్ గాలి వచ్చే జాలీ పక్కన గోడమీద చెయ్యి రాస్తే ముగ్గుపిండిలా తెల్లగా అంటుతోందట. మిగతా గోడంతా రాయిలా ఉందట. "ఆ ముక్క ఇంకా సరిగా ఆరలేదంటారా?" అని అడిగారు.

అదేం కాదమ్మా, మరీ తొందరగా ఆరిపోయింది!

ఆ గోడ కట్టుబడి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మసాచుసెట్స్ వైపు చెక్క ఫ్రేముకి నీలం కాగితం తొడిగిన జిప్సం బోర్డులు బిగించి, వాటిమీద 2, 3 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టర్ లాగుతారు. బోర్డు పేరు బ్లూబోర్డ్, పైపూత పేరు వెనీర్ ప్లాస్టర్. మన ఇళ్లలో లోపలి గోడలకి సిమెంటు పూత 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానిముందు ఇది దోసె పక్కన పూతరేకు.

అసలు రుచంతా జిప్సంలో ఉంది. ఈ రాయి బరువులో దాదాపు 21 శాతం నీళ్లే. అవి స్ఫటికం లోపల బందీలు. సుమారు 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అందులో ముప్పాతిక వంతు ఎగిరిపోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఆ పొడికి నీళ్లు కలిపితే పోయిన వాటా తిరిగి తీసుకుంటుంది. తీసుకునే తీరు ముచ్చటైనది. కాల్చిన పొడి లీటరు నీటిలో 8 గ్రాముల దాకా కరుగుతుంది. జిప్సం అయితే 2 గ్రాములకి కాస్త ఎక్కువ, అంతే. అంటే పొడి కరిగేకొద్దీ, జిప్సంగా మారితే మోయలేనంత సరుకు ఆ నీళ్లలో పోగవుతుంది. ఆ మిగులు సూదుల్లాంటి స్ఫటికాలై విడిపోతుంది. విడిపోగానే నీళ్లలో చోటు దొరికి ఇంకొంత పొడి కరుగుతుంది, మళ్లీ సూదులు. అరగంట, గంటలో ఆ సూదులన్నీ తుమ్మకంపలా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముట్టుకుంటే వెచ్చగా కూడా ఉంటుంది. గోడ బలమంతా ఆ చిక్కుముడిదే. (ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుడు చెరువులో ఎందుకు మొండికేస్తాడో కూడా ఆ 2 గ్రాముల లెక్కే చెబుతుంది.)

ఈ పోయిన నీటి సంగతి 1765లో పారిస్ అకాడమీ ముందు చదివినవాడు లవోయిజర్. అప్పటికి వయసు 21. కాల్చి నీళ్లు కలపడం సున్నానికీ ఉంది కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టడం తేలిక. కానీ సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కావాలి, జిప్సానికి నీళ్లే చాలు. కరగడం, సూదులు కట్టడం అన్న వివరణ 1880ల్లో లీ షాటెలియర్‌ది. ఇంటర్ కెమిస్ట్రీలో సమతాస్థితి సూత్రంతో మనల్ని పరీక్షల్లో ఏడిపించినాయనే. కాదు, ముందు జిగురు ముద్దలాంటిది ఏర్పడుతుందని వాదించినవాళ్లూ ఉన్నారు. జిగురు నిలవలేదు. అలాగని కథ అంత సూటిగానూ లేదు. నీళ్లలో జిప్సం పుట్టేముందు కాల్చిన పొడి రూపంలోనే అతి సూక్ష్మ కణాలు కనబడుతున్నాయని 2012లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నాకైతే పండగే.

ఇక ఆ తెల్లపొడి. వంద కిలోల పొడికి రసాయనంగా కావలసిన నీళ్లు 18.6 కిలోలే. తాపీకి లొంగాలని అంతకంటే చాలా ఎక్కువ కలుపుతారు. మిగులు నీళ్లు ఆరాల్సిందే, అయితే సూదులు కట్టాక ఆరాలి. పూత పల్చన, వెనక కాగితం నీళ్లు లాగేస్తోంది, ముందునుంచి హీటర్ వేడిగాలి. సూదులు కట్టకముందే నీళ్లు మాయమైతే పొడి పొడిగానే మిగులుతుంది. అక్కడి పనివాళ్లు దీన్ని డ్రై అవుట్ అంటారు.

మందు మన వంటింట్లో ఉంది, పటిక. పటిక కలిపిన నీళ్లు ఆ మేర బాగా చిలకరిస్తే, మిగిలిపోయిన పొడి మళ్లీ తడుస్తుంది. పటిక సూదుల్ని తొందరపెడుతుంది కాబట్టి ఈసారి పందెంలో ఆవిరి ఓడుతుంది. అప్పటికీ రాలుతుంటే గీకేసి, అతుకు ద్రావణం పూసి, కొత్త పూత వేయించాలి.

దీనికి పూర్తిగా తిరగబడిన జబ్బు కడగని బకెట్‌ది. అడుగున మిగిలిన పాత ప్లాస్టర్ పెరుక్కి తోడులా పనిచేస్తుంది. ప్రతి నలుసూ కొత్త సూదులకు విత్తనమే. కలుపుతుండగానే ముద్ద బిగుస్తుంది. అప్పుడు నీళ్లు పోసి పల్చన చేశారో, కట్టిన సూదులు విరిగిపోతాయి. విరిగిన కంప మళ్లీ అల్లుకోదు.

పగుళ్ల గురించి కూడా రాయమని సంపాదకుల ఒత్తిడి. బోర్డుల అతుకు వెంబడి నిటారుగా ఉంటే టేపు సరిగా వేయలేదు, లేదా ఫ్రేము కర్ర ఎండి కదిలింది. ఒక చలికాలం ఆగి, గాడి తీసి, మెష్ టేపుతో పూడ్పించండి. గోధుమరంగు మరక కనిపిస్తే పైన పైపు చూసుకోండి, ముందు లీకు, తర్వాతే గోడ. హైదరాబాద్ ఫ్లాట్లలో జిప్సం పూత వేయించుకున్నవాళ్లకి ఒక్క మాట: సిమెంటు అలవాటుకొద్దీ వారం రోజులు పైపు పట్టి తడపకండి, అది ఆ గంటలోనే తాగేసింది.

బోస్టన్ అమ్మగారూ, పటిక నీళ్లు కొట్టే ముందు ఆ జాలీకి అట్టముక్క అడ్డం పెట్టండి.