ఆగిన కారులో తిరిగే ఫ్యాను

అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవారికి రేడియేటర్ వెనక ఉండే ఫ్యాను గుర్తుండే ఉంటుంది. బెల్టు పుణ్యమా అని ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అందులో ఇంజను అడ్డంగా కూర్చుంది. ఇంజను అలా అడ్డం తిరిగితే ముందున్న రేడియేటర్ దగ్గర ఫ్యానును బెల్టుతో తిప్పడం కుదరదు. అందుకే దానికి సొంతంగా ఒక కరెంటు మోటారు పెట్టారు. ఈనాటి చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇదే పద్ధతి.

ఇది కేవలం చోటు కోసం చేసిన సర్దుబాటు కాదు. బెల్టు ఫ్యానుకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. కారు వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యానుతో పని లేదు. సరిగ్గా అప్పుడే అది జోరుగా తిరిగి ఇంజను శక్తిని తినేస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు గాలి కావాలి. అప్పుడేమో ఇంజనుతో పాటు తానూ నీరసపడుతుంది. కరెంటు ఫ్యానుకు ఇంజను వేగంతో సంబంధమే లేదు. నీటి వేడి ఒక్కటే లెక్క.

ఆ వేడిని కనిపెట్టేది పాత కార్లలో థర్మోస్విచ్. లోపల ఉండేది మనం ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్న ద్విలోహ పలకే. నీరు సుమారు 95 డిగ్రీలకు చేరగానే అది వంగి కాంటాక్టులను కలుపుతుంది, కొన్ని డిగ్రీలు తగ్గగానే విడదీస్తుంది. కొత్త కార్లలో దాని బదులు సెన్సారు, దాన్ని చదివే చిన్న కంప్యూటరు. ఫ్యాను మోటారు సుమారు 10 ఆంపియర్లు తాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. అంత ప్రవాహాన్ని కంప్యూటరు నేరుగా మోయలేదు కనుక మధ్యలో రిలే ఉంటుంది. పావు ఆంపియరుకు లోపే పుచ్చుకుని పెద్ద ప్రవాహాన్ని ఆడించే బంట్రోతు అన్నమాట.

95 అంటే నీరు మరగబోతున్నట్టే కదా అని అడగవచ్చు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది, అందువల్ల మరిగే స్థానం 120 దరిదాపులకు పోతుంది. వేడి మీద మూత తీస్తే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీరు ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. ఏటా ఎండాకాలంలో ఇలా చేతులు కాల్చుకునేవాళ్ళు ఉంటూనే ఉన్నారు.

ఇక జబ్బు కనుక్కోవడం. ముందుగా వేడి ఎప్పుడు పెరుగుతోందో చూడాలి. సిగ్నలు దగ్గర పెరిగి, కారు కదలగానే తగ్గితే ఫ్యానును అనుమానించాలి. హైవే మీద పెరుగుతూంటే ఫ్యాను పాపం నిర్దోషి. నీరు తక్కువైందో, థర్మోస్టాట్ బిగుసుకుందో, రేడియేటర్ పూడుకుందో చూడాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకుండానే రేడియేటర్ మార్పించే మెకానిక్కులకు మన ఊళ్ళలో కొదవలేదు.

ఇంజను నడుస్తుండగా ఎ.సి. వేయండి. చాలా కార్లలో వెంటనే ఫ్యాను తిరగాలి. తిరిగితే మోటారు బాగున్నట్టే, స్విచ్ వైపో సెన్సారు వైపో చూడాలి. (ఎ.సి.కి వేరే ఫ్యాను ఉన్న కార్లకు ఈ పరీక్ష పనికిరాదు.) తిరగకపోతే ఫ్యూజు చూసి, ఆ తర్వాత పక్కనే అదే రకం రిలే ఉంటే దాన్ని మార్చి పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వాలి. తిరిగిందా, లోపం వైర్లలోనో ఎర్త్‌లోనో ఉంది. తట్టితే తప్ప తిరగడం లేదా, కార్బన్ బ్రష్షులు అరిగాయి. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతూంటే మోటారు బిగుసుకుంటోందనో, వైరు ఎక్కడో షార్టవుతోందనో అనుకోవాలి. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరే. చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం మరవకండి, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది.

దారిలో ముల్లు ఎర్ర గీత వైపు పోతే ఎ.సి. ఆపి, హీటరు పూర్తిగా వేసి, పక్కకు తీసి ఇంజను ఆపాలి. మే నెలలో హీటరా అని నవ్వుకండి. అదీ ఒక చిన్న రేడియేటరే. అల్యూమినియం హెడ్ వంకరపోతే అయ్యే ఖర్చు ముందు ఫ్యాను మోటారు ఖరీదు ఏ మూలకీ రాదు.