షుగర్ చీటీ చదవాల్సింది మనమే

మధుమేహాన్ని మన ఊళ్ళలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. "ఆయనకు షుగర్ ఉందట" అంటారు. ఇదివరకు అది పట్నంలో కుర్చీల్లో కూర్చునేవాళ్ళ జబ్బు, ఉన్నోళ్ళ జబ్బు అనుకునేవాళ్ళం. ఇప్పుడు కూలికి పోయేవాళ్ళ ఇళ్ళలోనూ గూట్లో షుగర్ బిళ్ళలు కనిపిస్తున్నాయి. మన హాస్టలు విద్యార్థుల్లో చాలామందిమి అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ జబ్బు గురించీ, దాని కోసం ప్రభుత్వం నడుపుతున్న కార్యక్రమాల గురించీ, అందులో మనం చేయగల పని గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

అసలు షుగర్ అంటే ఏమిటి?

మనం తిన్న అన్నం జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి అది కండరాల్లోకి వెళ్ళాలంటే క్లోమ గ్రంథిలో తయారయ్యే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ తాళంచెవి లాంటిది. ఆ తాళంచెవి దాదాపుగా తయారు కాకపోతే అది టైప్-1 మధుమేహం. ఇది ఎక్కువగా చిన్న వయసులో వస్తుంది, ఇన్సులిన్ ఇంజక్షన్లు తప్పనిసరి. తాళంచెవి ఉన్నా తలుపు సరిగా తెరుచుకోకపోతే, పోనుపోను ఇన్సులిన్ చాలకపోతే అది టైప్-2. పెద్దవాళ్ళలో కనిపించేది ఎక్కువగా ఇదే.

ఈ జబ్బుతో చిక్కు ఏమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు. మనిషి మామూలుగానే పనికి పోతుంటాడు. లోపల మాత్రం కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె దెబ్బతింటూ ఉంటాయి. అరికాలి నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు. కూలి మీద బతికే ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆ ఇంటి పిల్లల చదువు కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇది ఉన్నోళ్ళ జబ్బేనా?

భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇదే సర్వేలో భాగంగా 2017లో వచ్చిన నివేదికలో మరో సంగతి బయటపడింది. ఆర్థికంగా ముందున్న కొన్ని రాష్ట్రాల పట్టణాల్లో పేదవారిలోనే ఈ జబ్బు ఎక్కువగా ఉంది.

పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధన ఇంకో విషయం చెప్పింది. తక్కువ బరువుతో పుట్టిన మన దేశపు పిల్లల్లో కండ తక్కువగా ఉన్నా కొవ్వు మాత్రం అంతగా తగ్గడం లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డకు పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు అంటున్నారు. అంటే ఆకలికీ షుగర్‌కూ కూడా చుట్టరికం ఉందన్నమాట.

రాకుండా ఆపగలమా?

చాలావరకు ఆపగలం. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో మూడేళ్ళలో 100కి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి మార్చుకుని, రోజూ వడివడిగా నడిచినవారిలో అది 39కి తగ్గింది. అంటే ఏ మందూ లేకుండానే 100కి 16 మంది తప్పించుకున్నారు.

ప్రభుత్వం ఏం చేస్తోంది?

క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం నివారణకు కేంద్ర ప్రభుత్వం 2010లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. మొదట 21 రాష్ట్రాల్లోని 100 జిల్లాల్లో మొదలై, తర్వాత దేశమంతా విస్తరించింది. 2023లో దాని పేరు మార్చి మరికొన్ని జబ్బులు కూడా చేర్చారు. మన ఊళ్ళలో "ఎన్‌సీడీ సర్వే" అని వినిపించేది దీని గురించే. అంతకుముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 బండి నెలకోసారి ఊరికి వచ్చి బీపీ, షుగర్ బిళ్ళలు ఇచ్చిన సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

ఈ కార్యక్రమంలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి 30 ఏళ్ళు దాటినవారికి ఒక ఫారం నింపుతుంది. అందులో మనకు అలవాటైన మార్కుల పద్ధతే ఉంటుంది. కాకపోతే ఈ పరీక్షలో మార్కులు తక్కువ వస్తేనే మంచిది. వయసు 30 దాటితే 1, 40 దాటితే 2, 50 దాటితే 3, 60 దాటితే 4. రోజూ పొగాకు వాడితే 2. రోజూ మద్యం తాగితే 1. నడుము చుట్టుకొలత ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే 1, ఇంకో 10 దాటితే 2. వారానికి 150 నిమిషాలైనా శారీరక శ్రమ లేకపోతే 1. తల్లిదండ్రులకో తోబుట్టువులకో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉంటే 2. మొత్తం 4 దాటితే వారిని ముందుగా పరీక్షకు పంపాలి.

52 ఏళ్ళ తల్లి ఒకామె ఉందనుకుందాం. రోజంతా చేలో వంగి పనిచేస్తుంది, కాబట్టి శ్రమ దగ్గర సున్నా. కానీ వయసుకు 3, రోజూ చుట్ట కాలుస్తుంది కాబట్టి 2, తమ్ముడికి షుగర్ ఉంది కాబట్టి 2. మొత్తం 7. "కష్టం చేసేవాళ్ళకు షుగర్ రాదు" అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే మార్కులు తక్కువ వచ్చినా 30 దాటిన ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోవాల్సిందే.

తర్వాత ఏఎన్ఎం వేలి చివర రక్తపు చుక్క తీసి చూస్తుంది. 140 లేదా అంతకు మించితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. అక్కడ డాక్టరు నిర్ధారిస్తే బిళ్ళలు ఉచితం.

గొలుసు ఎక్కడ తెగుతోంది?

ఆశా ఇంటికి వస్తుంది, ఏఎన్ఎం పరీక్ష చేస్తుంది, చీటీ చేతికి ఇస్తుంది. ఆ చీటీ చూరులో దోపి మర్చిపోవడంతోనే గొలుసు తెగుతుంది. ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. పైగా ఒంట్లో బాధేమీ లేదు. "బిళ్ళలు మొదలుపెడితే జీవితాంతం మింగాలట" అని ఒకరు, "ఆకు పసరు తాగితే పోతుంది" అని ఇంకొకరు చెబుతారు. నెల రోజులు మింగాక ఒళ్ళు తేలికైతే నయమైందనుకుని మానేసేవాళ్ళూ ఉన్నారు. అంకెలేమో ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో మొదటగా చదువుకున్నది మనమే అయినప్పుడు ఆ చీటీ చదవాల్సింది కూడా మనమే.

దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పనులు చేద్దాం.

1. చీటీ తీసి చదువుదాం. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 అంచు, 126 లేదా అంతకు మించితే షుగర్. హెచ్‌బీఏ1సీ అనేది సుమారు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష. అది 6.5 లేదా ఆపైన ఉంటే షుగర్. డాక్టరు సాధారణంగా రెండోసారి పరీక్ష చేయించి ఖాయం చేస్తారు.

2. బిళ్ళలు ఎన్ని మిగిలాయో లెక్కపెడదాం. అయిపోకముందే మళ్ళీ తెచ్చుకోవాలని చెబుదాం. డాక్టరు చెప్పకుండా మానకూడదు.

3. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందుల్లో తుడిచి, అరికాళ్ళు చూసుకోమందాం. చెప్పులు లేకుండా చేలోకి వెళ్ళవద్దందాం.

4. బిళ్ళ వేసుకుని తినకుండా పనికి పోతే కొందరికి షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే స్పృహలో ఉండగానే మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

5. ఏడాదికోసారి కళ్ళు, మూత్రపిండాల పరీక్షలు జరిగాయో లేదో అడుగుదాం.

తిండి విషయంలో ఒక అపోహ ఉంది. రాగి సంగటి, జొన్నరొట్టె తింటే ఎంత తిన్నా ఫరవాలేదనుకుంటారు. వాటిలో పీచు ఎక్కువే గానీ పిండి పదార్థం కూడా ఉంది. కొలతే ముఖ్యం. అన్నం సగానికి తగ్గించి ఆకుకూర, పప్పు, వీలైతే గుడ్డు పెంచితే అదే పెద్ద మార్పు.

నవంబరు 14న

ఏటా నవంబరు 14న మన హాస్టల్లో బాలల దినోత్సవం జరుపుకుంటాం. ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా ఆ రోజే. అది 1921లో ఇన్సులిన్‌ను కనిపెట్టినవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. ఆ మందు అందరికీ అందాలని 1923లో దాని పేటెంటు హక్కులను టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరికి ఒక్క డాలరుకే ఇచ్చేశారు.

ఈసారి ఆ రోజున వార్డెన్ గారి అనుమతితో దగ్గరలోని ఆరోగ్య కేంద్రం వారిని హాస్టలుకు పిలుద్దాం. తెల్లవారుజామునే లేచి మనకు వండిపెట్టే వంటమనిషి, కామాటి, రాత్రంతా కాపలా కాసే వాచ్‌మెన్ అందరూ 30 దాటినవాళ్ళే. మొదటి రక్తపు చుక్క వాళ్ళదే పరీక్షించమందాం. వాళ్ళ చీటీ చదివి చెప్పి, అవసరమైతే ఆస్పత్రిదాకా తోడు వెళ్దాం.