‘నల్లరాయి’ పుట్టుక: కృష్ణా, గోదావరి తీరాల అగ్నిశిలలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కృష్ణా, గోదావరి తీరాల్లో ‘నల్లరాయి’ అనే ఒకే మాట వేర్వేరు పుట్టుకలు గల శిలలకు చెల్లుతోంది. వాటిలో లావా గడ్డకట్టి ఏర్పడినది ఏది, దాన్ని వెలువరించిన అగ్నిపర్వతం ఎటువంటిది, అది ఈ తీరానికి ఎలా చేరింది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అగ్నిశిల, బసాల్టు, లావా, దక్కన్ ట్రాప్స్, నల్లరేగడి.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ ఆటోనగర్ లారీల మరమ్మతుకు, బాడీల నిర్మాణానికి పేరుపొందిన పారిశ్రామికవాడ. అది నిలిచిన నేల కృష్ణానది పరిచిన ఒండ్రు. డెల్టాలో రోడ్డుకైనా, పునాదికైనా రాయి కావాలంటే అంచున ఉన్న కొండల నుంచో, దూరపు క్వారీల నుంచో తెచ్చుకోవలసిందే. ముదురు రంగు రాయి ఏదైనా వాడుకలో నల్లరాయే. ఈ పేరు రంగును చెబుతుంది గాని పుట్టుకను చెప్పదు.

2. నల్లనిదంతా లావా కాదు:
భూగర్భంలోని శిలాద్రవం చల్లారగా ఏర్పడినవి అగ్నిశిలలు. ఆ ద్రవం పైకి వచ్చి, లావాగా పారి, త్వరగా చల్లారితే స్ఫటికాలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. బసాల్టు ఇటువంటిది. లోతులోనే నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెద్దవవుతాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి ‘గెలాక్సీ గ్రానైట్’ వ్యాపారంలో గ్రానైటే అయినా, శాస్త్రరీత్యా లోతులో గట్టిపడిన గాబ్రో జాతి శిల. విజయవాడ పరిసరాల కొండల్లో ప్రధానంగా కనిపించే ఖొండలైటు, చార్నొకైటు తీవ్రమైన వేడిమికి, ఒత్తిడికి లోనైన రూపాంతర శిలలు. కనుక ఈ కొండలను అగ్నిపర్వతాల అవశేషాలుగా భావించరాదు.

3. పర్వతం లేని అగ్నిపర్వతం:
‘అగ్నిపర్వతం’ అనే పదం కొండను, దాని శిఖరాన ఉన్న బిలాన్ని స్ఫురింపజేస్తుంది. అండమాన్ సముద్రంలో నేటికీ క్రియాశీలంగా ఉన్న బ్యారన్ ద్వీపం అటువంటిదే. దక్కన్ లావా మాత్రం ప్రధానంగా నేలలోని పొడవైన పగుళ్ల గుండా వెలువడింది. సిలికా సుమారు 45–52 శాతమే గల బసాల్టు లావా పలుచన; కుప్పపడక దూరం పారుతుంది. సిలికా ఎక్కువైతే లావా చిక్కబడి, వాయువులను బంధించి, పేలుడుకు దారితీస్తుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలుపొరలుగా పరుచుకున్న దక్కన్ లావా నేడు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. మెట్లవలె కనిపించే ఈ పొరలకు ‘ట్రాప్’ అని పేరు. స్వీడిష్ భాషలో మెట్లను తెలిపే మాట దీనికి మూలం.

4. గోదావరి గట్టున దక్కన్ లావా:
రాజమహేంద్రవరం వద్ద కాతేరులోను, గోదావరికి ఆవల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల్లోను బసాల్టు బయటపడింది. దీని రసాయన కూర్పు, వయస్సు, అయస్కాంత లక్షణాలు పడమటి కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ లావాలతో సరిపోలుతున్నాయని 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం వివరించింది. ఆ ప్రకారం లావా ప్రాచీన నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారింది. పైన గట్టిపడిన పెంకు లోపలి వేడిని కాపాడటం వల్ల ఇంత దూరప్రవాహం సాధ్యమవుతుంది. లావా స్థానికంగానే వెలువడిందనే వాదమూ ఉంది.

అదే సంవత్సరం గెర్టా కెల్లర్ బృందం ఇక్కడి రెండు లావా పొరల నడుమ ఉన్న అవక్షేపాల్లో, డైనోసార్ల విలుప్తి వెనువెంటనే సముద్రంలో జీవించిన ఫోరామినిఫెరా శిలాజాలను గుర్తించింది. ఈ ఆధారాలు దొరికినవి క్వారీ గోడల్లోనే. కంకర కోసం రాయిని కొట్టడం వల్లనే ఆ పొరలు వెలుగుచూశాయి. కొట్టేకొద్దీ అవే చెరిగిపోతున్నాయి.

5. కృష్ణ తెచ్చిన లావా మన్ను:
కృష్ణానది జన్మస్థానమైన మహాబలేశ్వర్ బసాల్టు నేల. ఆ శిల శిథిలమై ఏర్పడే నల్లమట్టిని నది దిగువకు మోసుకువస్తుంది. అందువల్ల ఆటోనగర్ కింది ఒండ్రులోనూ దక్కన్ లావా అంశం ఉంది. ఆంగ్ల భూగోళ గ్రంథాల్లో నల్లనేలకు వాడే ‘రేగర్’ అనే పేరు తెలుగు ‘రేగడి’ నుంచి ఏర్పడినదే.

6. ముగింపు:
• ‘నల్లరాయి’ వాడుకమాటగా సరిపోతుంది. శాస్త్రరచనలో బసాల్టు, గాబ్రో, చార్నొకైటులను వేరుగా పేర్కొనాలి.
• ‘అగ్నిపర్వతం’ అన్న పదాన్ని బోధించేటప్పుడు పగుళ్ల నుంచి వెలువడిన లావానూ చేర్చి వివరించాలి.
• గౌరీపట్నం, కాతేరు పరిసరాల్లో లావా పొరలు, వాటి నడుమ శిలాజాలు స్పష్టంగా కనిపించే కొన్ని క్వారీ గోడలనైనా తవ్వకాల నుంచి మినహాయించి, విద్యార్థుల క్షేత్రపర్యటనకు భద్రపరచడం అవసరం.