సార్‌కి కాదు బాబూ, బండి నాకే!

"సార్ ఎత్తుకి క్లాసిక్ బాగా సూటవుద్దండీ. మేడం గారికి వెనక సీటు కూడా మెత్తగా ఉంటుంది."

షోరూంలో కుర్రాడు మాతో అన్న మొదటి మాట ఇది. అప్పటికి హెల్మెట్ నా చేతిలో ఉంది. 'విత్ గేర్' లైసెన్సు నా పేరున వచ్చి వారం దాటింది. మావారు నవ్వి, "నాకు కాదు బాబూ, ఆవిడకే" అన్నారు. ఆ అబ్బాయి నన్నోసారి పైనుంచి కింది దాకా చూసి, "ఆయ్... బరువండీ మరి!" అన్నాడు. తప్పేం అన్లేదు పాపం. బరువే. ఆ బరువు సంగతి తేల్చుకోవడానికే నేను వెళ్లింది.

ఈ వయసులో పెద్ద బండి సరదా ఏమిటని మీకూ అనిపించవచ్చు. మా అత్తగారు పైకే అనేశారు. సరదా లేదని బుకాయించను. మా పెదనాన్నగారికి బుల్లెట్ ఉండేది. గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉండే పాతకాలం బండి. అది వీధి మలుపు తిరుగుతుంటేనే పిల్లలమందరం పుస్తకాలు తీసేవాళ్లం. దాని మీద ఆడపిల్లలకి దక్కింది పెట్రోలు టాంకు మీద చోటు మాత్రమే. అదీ ఏడెనిమిదేళ్లు వచ్చేవరకే.

కానీ అసలు కారణం మా అమ్మ. నాన్న పోయాక గోకవరంలో ఒక్కతే ఉంటోంది. "నా ఇల్లు నేను వదిలి రాను" అంటుంది. శనివారం శనివారం రాజమండ్రి నుంచి కోరుకొండ మీదుగా నేనే వెళ్లి వస్తున్నాను, నా పాత స్కూటీ మీద. 2025 జూన్‌లో వాన వెలిసిన సాయంత్రం నీళ్లు నిలిచిన గుంటలో ముందు చక్రం దిగబడి, బండీ నేనూ చెరో పక్క పడ్డాం. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. స్కూటీ చక్రం పది అంగుళాలది. పదిహేడు, పంతొమ్మిది అంగుళాల చక్రం దాటుకుపోయే గుంటలోకి అది దిగిపోతుంది. ఆ రాత్రే అనుకున్నాను, పెద్ద చక్రాల బండి కావాలని.

నా పాత లైసెన్సు 'వితౌట్ గేర్'. గేర్ల బండికి మళ్లీ లెర్నర్స్ తీసుకోవాలి. తీసుకున్నాక ముప్పై రోజులు ఆగాలి. ఆ ముప్పై రోజులూ మావారి వంద సీసీ బండితో కాలనీ చివర ఖాళీ లేఅవుట్‌లో క్లచ్చితో కుస్తీ పట్టాను. సెప్టెంబరులో టెస్టు. ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా తిరిగాను. నా ముందు ఇంజనీరింగ్ కుర్రాడొకడు కాలు ఆనించాడు లెండి!

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇంగ్లండులో అయితే చిన్న బండి, మధ్యస్థం, పెద్దది అని లైసెన్సుకి మెట్లున్నాయి. మన చట్టంలో గేరున్న మోటార్ సైకిల్ అంతా ఒకటే తరగతి. వంద సీసీ బండి మీద ఎనిమిది తిరిగి చూపిస్తే, మర్నాడే ఎంత పెద్ద బండైనా తోలవచ్చు. అంటే ఎంతవరకు పెద్దదన్నది మనమే తేల్చుకోవాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. మా మరిది క్లాసిక్ అన్నాడు. మేనల్లుడు "ఫోర్ హండ్రెడ్ తీసుకో అత్తా" అన్నాడు. అవి నాకు అందుతాయా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఎత్తు ఒక్కటీ చూస్తే చాలదు, కాలి పొడవు ముఖ్యం. గోడకి వీపు ఆనించి నిలబడి, తొడల మధ్య గట్టి అట్ట పుస్తకం పైకంటా పెట్టుకుని, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయాలి. అక్కణ్ణుంచి నేల దాకా కొలిస్తే మన కాలి లెక్క వస్తుంది. నాది 71 సెంటీమీటర్లు. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, హంటర్ 350ది 790, మీటియర్ 350ది 765. ఈ అంకెలు చూసి బెంబేలెత్తిపోయాను. తీరా చూస్తే ఇన్నేళ్లూ తోలిన నా స్కూటీ సీటు 768! అంటే మీటియర్ కంటే ఓ వెంట్రుకవాసి ఎత్తే. మరి దాని మీద భయం లేదేం? అది ఇంచుమించు 95 కిలోలు కాబట్టి. క్లాసిక్ 195 కిలోలు. మీటియర్ 191, హంటర్ 181. నా భయం ఎత్తుకి కాదు, ఆగినప్పుడు ఒరిగితే ఆపలేనేమో అని.

బండి నడుస్తున్నంతసేపూ బరువు తెలియదండీ. సిగ్నల్ దగ్గరా, ఇంటి ముందు ర్యాంపు మీదా, వెనక్కి నెట్టేటప్పుడూ తెలుస్తుంది. అందుకే కొనకముందే పడిన బండిని లేపడం నేర్చుకోవాలనుకున్నాను. పక్కవీధి మెకానిక్‌ని అడిగితే ఆయన నవ్వకుండా, "రండమ్మగారూ" అని షెడ్డు వెనక మట్టిలో ఓ పాత బుల్లెట్‌ని మెల్లగా పడుకోబెట్టాడు. ముందు ఇంజను ఆపాలి. కుడిపక్కకి పడితే సైడ్ స్టాండు ముందే తీసి ఉంచాలి, లేకపోతే లేచిన బండి అటు పడుతుంది. కదలకుండా గేర్లో పెట్టాలి. తర్వాత బండికి ఎదురుగా వంగి లాగకూడదు. నడుం పట్టేసేది అక్కడే. బండికి వీపు పెట్టి, పిరుదులు సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిలూ రెండో చేత్తో వెనక గ్రాబ్ రెయిలూ పట్టుకుని, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్యాలి. మూడోసారికి లేచింది! మెకానిక్ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చెమట తుడుచుకుంటూ, మడత మంచం లేపినట్టు లేదని ఒప్పుకున్నాను.

ఆ ధైర్యంతోనే షోరూంకి వెళ్లాను. టెస్ట్ రైడ్ అంటే తిన్నగా వెళ్లి రావడం అనుకుంటారు వాళ్లు. నేను ముందు ఇంజను వెయ్యకుండా కూర్చుని హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూశాను. మీటియర్ మీద పాదాలు రెండూ హాయిగా నేలకి ఆనాయి. మనసు అటే లాగింది. కానీ కాళ్లు ముందుకి చాపి కూర్చోవాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే నా పొట్టి చెయ్యి సాగి, భుజం ముందుకి పోతోంది. ఇరుకు సందులో వెనక్కి మళ్లాలంటే కష్టం. క్లాసిక్ మీద మునివేళ్లే అందాయి. పెదనాన్నగారి బుల్లెట్ గుర్తుకొచ్చి గొంతులో ఏదో అడ్డుపడింది గానీ, మునివేళ్ల మీద 195 కిలోలు మోయడం జ్ఞాపకాలతో అయ్యే పని కాదు. హంటర్ సీటు ముందు భాగం సన్నం. అంకె 790 అయినా పాదం సగం ఆనింది, హ్యాండిల్ దగ్గరగా ఉంది. 2025లో మార్పులతో వచ్చినదానికి స్లిప్ అసిస్ట్ క్లచ్ పెట్టారు కనుక వేళ్లకి తేలిగ్గా ఉంది. ట్రాఫిక్‌లో అరగంట క్లచ్చి నొక్కి చూస్తే దాని విలువ తెలుస్తుంది.

ఇంకో సంగతి అడిగి తెలుసుకోండి. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అందులో ముందు చక్రానికే పనిచేసేది ఒకటి, రెండిటికీ పనిచేసేది ఒకటి. నాలాగా కంగారులో వెనక బ్రేకు మీద నిలబడేవాళ్లు రెండో రకమే తీసుకోవాలి. రంగు దగ్గర రాజీపడ్డా పర్వాలేదు.

మేనల్లుడి ఫోర్ హండ్రెడ్ సంగతి ప్రభుత్వమే తేల్చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటితే 40కి ఎక్కింది. నా చీటీ డబ్బుకి అంతకంటే వివరణ అక్కర్లేదు.

కార్తీక మాసంలో హంటర్ ఇంటికొచ్చింది. చీరతో దీన్ని తోలడం కుదరదు. చున్నీ కూడా ఇంట్లోనే వదిలి, పొడుగు చేతుల కుర్తా, జీన్సు, బూట్లతో బయల్దేరుతున్నాను. చెయిన్‌లో చున్నీ పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఎడం పక్కన శారీ గార్డు ఒకటుంది. బండి అందం పాడవుతోందని మేనల్లుడు పీకెయ్యమన్నాడు. అది అలంకారం కాదు. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఆడవాళ్లంటే వెనక సీటే అనుకుని పెట్టింది కాబోలని మొదట నాకూ కాస్త కోపం వచ్చింది.

మొన్న శనివారం అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. గుమ్మంలో బండి ఆపితే, అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఏమే, నీ కాళ్లు ఆనుతున్నాయా?" అంది. ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగింది అమ్మొక్కతే. ఆనుతున్నాయని చూపించాను. కొంగు నడుముకి దోపుకుని, ఎడం పక్కకి ఒరిగి కూర్చుని, కుచ్చిళ్లు శారీ గార్డు మీదుగా సర్దుకుని, నా భుజం మీద చెయ్యేసింది.

"ఊఁ, పోనీ. గుంటలు చూసుకో."