అచ్చుదిమ్మెల గోడకాగితము: మాతృకయు పాఠాంతరమును

పాశ్చాత్యదేశములందు గోడలకంటించు చిత్రితకాగితమును గృహాలంకారముగానే గాక చారిత్రకాధారముగను భద్రపఱచుచున్నారు. పూర్వపు అచ్చుదిమ్మెలు నిలిచియున్నచో ప్రాచీనచిత్రమును యథాతథముగ మరల ముద్రింపవచ్చునని తోచుట సహజము. ఈ యభిప్రాయ మెంతవఱకు గ్రాహ్యమో ఆల్సాస్ సీమయందలి రిక్సైమ్ కార్ఖానా చరిత్రమువలన తెలియగలదు.

ఆ సీమలో ఈ పరిశ్రమకు పూర్వరంగము వస్త్రముద్రణము. మచిలీపట్టణము మొదలగు రేవులనుండి యెగుమతియైన అద్దకపు వస్త్రములకు ఐరోపాలో గిరాకి హెచ్చగా, ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వాని దిగుమతిని, అనుకరణమును నిషేధించెను. 1759 వఱకు ఆ నిషేధము సాగినది. నాటికి ఫ్రాన్సులో చేరని స్వతంత్రనగరమైన మ్యూలూజ్‌లో 1746లో వస్త్రముద్రణశాల వెలసెను. ఆ నగరముననే 1790లో గోడకాగితపు కార్ఖానా యేర్పడి, 1797లో సమీపమందలి రిక్సైమ్‌నకు తరలెను. 1802లో జాన్ జ్యూబేర్ దాని కధిపతి యయ్యెను.

వస్త్రమునకును కాగితమునకును పద్ధతి వేఱు. మచిలీపట్టణపు అద్దకమున ఎఱుపుకొఱకు పటిక కలిపిన ద్రవమును దిమ్మెతో నద్ది, గుడ్డను రంగునీటిలో నుడికింతురు. రంగు నూలుపోగునే పట్టును. కాగితము నుడికింప వీలుగాదు. కావున సుద్దయు జిగురును చేర్చిన చిక్కని రంగును దిమ్మెతో పైననే యద్దుదురు. ఒక్కొక్క రంగునకు వేఱు దిమ్మె. ఒకటి యారిన పిదపనే మఱియొకటి. దిమ్మె మూలలందలి సూదిమొనల గుర్తులు తరువాతి దిమ్మెకు స్థానమును నిర్దేశించును. 1834లో దెల్తీల్ రచించిన 'ఉత్తర అమెరికా దృశ్యములు' అను చిత్రమాలకు 1,690 దిమ్మెలును, 223 రంగులును పట్టినవి.

పరిశోధకులు గమనింపదగిన విశేష మిచ్చట గలదు. 1852లో ఆ కార్ఖానాయే వెనుకటి ప్రకృతిదృశ్యముల నట్లే యుంచి, ముందుభాగమందలి విహారజనులను తొలగించి, అమెరికా స్వాతంత్ర్యసమర సన్నివేశములను నిలిపెను. దిమ్మెలలో పెక్కు ప్రాచీనములే. పాఠము మాత్రము నూతనము. తాళపత్రప్రతులందలి ప్రక్షేపమునకు ఇది సోదరప్రాయము. 1961లో అమెరికా శ్వేతసౌధమున నతికించినది 1834 నాటి పాఠము. మేరీలాండ్‌లో పడగొట్టనున్న యొక యింటి గోడలనుండి ఊడదీసిన పాతప్రతి యది.

కావున దిమ్మె ప్రాచీనమైనంతమాత్రమున ప్రతి ప్రాచీనము గాదు. చిత్రరచనాకాలము, దిమ్మె చెక్కిన కాలము, ముద్రణకాలము అను మూటిని వేఱువేఱుగ నిర్ణయింపవలెను. కృతికర్త కాలమును, మాతృక కాలమును, వ్రాయసగాని కాలమును వేఱుపఱచి చూచు పాఠపరిష్కర్తకు ఈ వివేచనము క్రొత్తది కాదు.