తొక్కు తిని ఓడిపోయిన సైన్యం

కవచం వేసుకున్న వీరనారి వక్కాకు సంచి ఎక్కడ దోపుకుంటుంది?

ఈ డౌట్ మా నానమ్మది. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌లో ఓ ఫాంటసీ గేమ్ ఆడుతున్నాను. స్క్రీన్ మీద ఓ యోధురాలు. చేతిలో మనిషంత కత్తి ఉంది, ఒంటి మీద మాత్రం ఇనుప బికినీ. నానమ్మ కళ్లజోడు సర్దుకుని మరీ చూసింది.

"పొట్ట మీద పొడిస్తె ఏం జేస్తది బిడ్డా?" అంది. ఆ తర్వాత వక్కాకు సంచి సంగతి అడిగింది. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఇది అమెరికాలో కూడా చాలామందికి వచ్చిన డౌటే. 1995లో ఎస్తర్ ఫ్రీస్నర్ అనే రచయిత్రి 'చిక్స్ ఇన్ చెయిన్‌మెయిల్' అని ఓ కథల సంకలనం తెచ్చింది. అందులో కథానాయికలు కత్తి పట్టిన ఆడవాళ్లు, కథలు మాత్రం కామెడీ. జనానికి నచ్చడంతో ఆ సిరీస్ 2015 దాకా సాగింది.

అందులో ఎలిజబెత్ మూన్ రాసిన కథ ఒకటి నాకు భలే ఇష్టం. ఖజానా నింపుకోవడానికి రాజ్యం ఆడ సైనికుల కంచు రొమ్ము కవచాల మీద పన్ను వేస్తుంది. ఇంకేముంది, ఆడ సైనికులంతా ఒక్కటవుతారు. చదువుతుంటే నవ్వొస్తుంది. నవ్వాక మన దగ్గర 2017 జులైలో శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం జీఎస్టీ పడటం, గొడవలయ్యాక ఏడాదికి అది తీసేయడం గుర్తొస్తుంది. ఫాంటసీ అన్నారు గానీ, మరీ అంత ఫాంటసీ ఏం కాదు.

'ఇలాంటివి మనకెక్కడున్నాయిలే' అనుకుంటున్నారా? మనకు వందల ఏళ్ల కిందటే ఉన్నాయి.

ప్రమీల కథ తీసుకోండి. పదిహేనో శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు తెలుగులో రాసిన 'జైమిని భారతము'లో ఉంది. ధర్మరాజు అశ్వమేధం గుర్రం తిరిగి తిరిగి ఓ రాజ్యంలోకి పోతుంది. అక్కడ అందరూ ఆడవాళ్లే. రాణి ప్రమీల గుర్రాన్ని కట్టేస్తుంది. వెనకాలే వచ్చిన అర్జునుడు గాండీవం తీస్తాడు. ఎంత కొట్టినా పని కాదు. చివరికి ఆకాశవాణి కల్పించుకుని, 'నీతో కాదు గానీ ఆమెను పెళ్లి చేసుకో' అనే అర్థం వచ్చేలా సలహా ఇస్తుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ చేయడం చేతగాక దాన్నే ఫీచర్ అని రిలీజ్ చేయడమన్నమాట! 1965లో ఎన్టీఆర్, బి.సరోజాదేవి జంటగా 'ప్రమీలార్జునీయం' సినిమా కూడా వచ్చింది.

సత్యభామ సంగతీ అంతే. దీపావళి రోజు మనమంతా నరకాసురుడిని చంపింది సత్యభామే అని చెప్పుకుంటాం. పోతన భాగవతంలో చూస్తే ఆమె యుద్ధం అదిరిపోతుంది, శత్రుసైన్యం చెల్లాచెదురవుతుంది. కానీ నరకుడి తల నరికేది మాత్రం కృష్ణుడి చక్రం. బ్యాటింగంతా ఆమెది, విన్నింగ్ షాట్ ఆయనది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే విషయం కనిపించింది. కత్తి పట్టిన ఆడదాని మీద కామెడీ రెండు రకాలు. ఒకదాంట్లో ఆమెను చూసి నవ్వుతాం. రెండోదాంట్లో ఆమె చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వుతాం. ఇనుప బికినీ మొదటి రకం. ఆకాశవాణి రికమండేషన్ తెచ్చుకున్న అర్జునుడు రెండో రకం.

ఇక మా నానమ్మ చెప్పే వీరవ్వ కథ పూర్తిగా రెండో రకం. పుస్తకాల్లో వెతక్కండి, దొరకదు. మా ఇంట్లోనే పుట్టింది.

ఊరి మీదికి పరాయి రాజు సైన్యం వస్తుంది. మగవాళ్లంతా రచ్చకట్ట దగ్గర కూర్చుని 'ఏం జేద్దాం' అని మాట్లాడుతూనే ఉంటారు. వీరవ్వ కత్తి తీసి గుర్రమెక్కుతుంది. గడప దాటేలోపు అత్త కేకేస్తుంది, "బర్రె పాలు పిండి పో!" దిగి పిండుతుంది. మళ్లీ ఎక్కుతుంది. పిల్లగాడు ఏడుస్తాడు. మళ్లీ దిగుతుంది. ఆ గుర్రం మాట్లాడే గుర్రం. "ఎక్కుతున్నవా, దిగుతున్నవా? ఏదో ఒకటి జెయ్, నా నడుం పోతున్నది" అని సతాయిస్తుంది. అక్కడ శత్రుసైన్యం పొద్దటి నుంచి ఎండలో నిలబడే ఉంటుంది.

చివరికి పొద్దు గూకే ముందు వీరవ్వ వస్తుంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో సద్ది గంప. "తిన్నరా?" అని అడుగుతుంది. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. సైనికులకు ఏడుపొస్తుంది. జొన్న రొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెడుతుంది. రెండో బుక్కకు మంట నషాలానికెక్కి, కత్తులు పారేసి అందరూ చెరువుకు ఉరుకుతారు. పరాయి రాజు దండం పెట్టి, "తల్లీ, ఇదేం అస్త్రం?" అంటాడు.

చిన్నప్పుడు పడీ పడీ నవ్వేవాణ్ని. ఇంజనీరింగ్‌లో చేరాక కొంచెం తెలివి ఎక్కువైంది. "యుద్ధంలో కూడా ఆడదానితో వంటే చేయించినవ్ కదా నానమ్మా" అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి, "ఇంకో చేతిల కత్తున్నది. అది నీకు కనవడలే" అంది.

అది నాకు కనబడింది 2016లో.

మాది వేములఘాట్. మల్లన్నసాగర్ రిజర్వాయర్‌లో పోయే ఊళ్లలో మాదీ ఒకటి. ఆ ఏడాది జూన్‌లో ఊళ్లో రిలే దీక్షలు మొదలయ్యాయి. అవి వందల రోజులు నడిచాయి. నేను హాస్టల్ నుంచి వచ్చినప్పుడు చూసేవాణ్ని. పొద్దున్నే బర్రె పాలు పిండి, వండి, పిల్లల్ని బడికి తోలి, అప్పుడు వంతు ప్రకారం వచ్చి టెంటు కింద కూర్చునేది నానమ్మ. పక్కన ఆమె ఈడువాళ్లు. వక్కాకు నములుతూ ఒకరి మీద ఒకరు జోకులేసుకునేవాళ్లు. అప్పుడర్థమైంది, వీరవ్వ ఎక్కడం దిగడం కామెడీ కోసం పెట్టింది కాదు. అది వాళ్ల రోజువారీ టైమ్‌టేబుల్.

ఆ దీక్షలతో ఊరు ఆగలేదు. మేం గజ్వేల్ దగ్గర కట్టిన కాలనీకి వచ్చేశాం. 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల రిజర్వాయర్ ప్రారంభమైంది. రచ్చకట్ట, బర్రెల కొట్టం, కథ చెప్పే అరుగు అన్నీ నీళ్ల కింద ఉన్నాయి. ఆ నీళ్లు ఎన్నో పొలాలకు పోతాయని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన అరుగు వెనక్కి రాదు కదా.

కాలనీకి వచ్చాక నానమ్మ కథ చెప్పడం మానేసింది. అడిగితే "యాది మరిచిన" అనేది. మరిచిపోలేదని నాకు తెలుసు. కూర్చుని వినేవాళ్లు తలా ఓ వీధికి పడ్డారు, అంతే.

వక్కాకు సంచి డౌట్ వచ్చిన ఆ సంక్రాంతి రాత్రే గేమ్ ఆపేసి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేశాను. "ఇగో, వీరవ్వకైతె కవచమే లేదు, సంచికి తిప్పలు లేదు" అంటూ తనే మొదలుపెట్టింది. పాలు, పిల్లగాడు, గుర్రం, తొక్కు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయిపోయాక మా అక్క కూతురు, ఆరేళ్లది, అడిగేసింది.

"వీరవ్వ గెలిచింది కదా, మరి మన ఊరెందుకు మునిగింది?"

ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. రికార్డింగ్‌లో ఆ చోట పదకొండు సెకన్లు ఫ్యాన్ చప్పుడే వినిపిస్తుంది. తర్వాత నానమ్మ గొంతు.

"గుర్రానికి ఈత రాకపాయె బిడ్డా. గిప్పుడు నేర్పిస్తున్నది."

పిల్ల నవ్వింది. "గుర్రం ఏమంటున్నది మరి?" అంది.

నానమ్మ వక్కాకు సంచి విప్పుకుని, గుర్రం గొంతు పెట్టి మళ్లీ మొదలుపెట్టింది.