పూటకూళ్ళ యింటినుండి ప్రతినిధుల సభకు

పూటకూళ్ళమ్మ యనగానే మనకు కన్యాశుల్కములోని పాత్ర జ్ఞప్తికి వచ్చును. ఆ పేరు పలుకునప్పుడు మాటలో కొంత చులకనయు దొర్లును. ఆ చులకన ఎంత అకారణమో చూపుటకు మేము నేడు ఒక అమెరికా వనితను గూర్చి చెప్పదలచితిమి. ఓక్లహోమా రాష్ట్రమున మస్కోగీ యను పట్టణములో భోజనశాల నడుపుచుండిన ఆలిస్ మేరీ రాబర్ట్‌సన్, తన 66వ యేట, 1920లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను. అంతకు పూర్వము ఆ సభకు ఎన్నికైన స్త్రీ జెనెట్ రాంకిన్ ఒక్కతెయే.

ఆలిస్ 1854లో, ఆ ప్రాంతము ఇండియన్ టెరిటరీగా ఉన్న దినములలో జన్మించెను. తల్లిదండ్రులు క్రీక్ జాతివారి నడుమ బడి నడిపిన క్రైస్తవ ప్రచారకులు. ఆలిస్ మొదట వాషింగ్టనులో ఇండియనుల వ్యవహారముల కచేరిలో గుమాస్తాపని చేసెను. పిదప మస్కోగీలో బాలికలకు పాఠశాల నడిపెను. నేటి టల్సా విశ్వవిద్యాలయమునకు మూలము ఆ పాఠశాలయే. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు ఆమెను మస్కోగీ పోస్టుమాస్టరుగా నియమించెను. 1913లో ఆ కొలువు ముగిసెను.

వివాహము చేసికొనలేదు. జీవనము జరుగవలెను. తన పొలమునకు గల సవోక్లా యను పేరునే పెట్టి పట్టణములో భోజనశాల తెరచెను. వచ్చినవారు తామే పళ్ళెము పట్టుకొని వరుసలో నడచుచు, కావలసినవి వడ్డింపించుకొని బల్లకడకు పోవుదురు. దీనినే వారు కఫెటీరియా యందురు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుల రైళ్ళు మస్కోగీలో ఆగినప్పుడు ఆమె స్టేషనుకు పోయి వారికి ఆహారము పెట్టుచుండెను. ఈ మాట శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

1920లో ఆమె రిపబ్లికను పక్షమున నిలిచెను. ఎదుటివాడు అప్పటికే సభ్యుడైన డెమోక్రాటు విలియం హేస్టింగ్స్. ఆమె ప్రచారపద్ధతి విచిత్రమైనది. పత్రికలలో చిన్న ప్రకటనల పుటలో తన భోజనశాల ప్రకటన వేయించుచుండెను. అందులో ఆనాటి వంటకముల పేర్లతోపాటు ఎన్నికను గూర్చిన నాలుగు మాటలు ఉండెడివి. అది చదివి భోజనమునకు వచ్చినవారి బల్లకడకు పోయి, వారు సూపు త్రాగుచుండగా ఆమె మాటాడెడిది. ఎంత గొప్ప సభావేదికయైనను ఆ బల్లకు సాటి రాదని మా అభిప్రాయము. 228 వోట్ల ఆధిక్యముతో ఆమె గెలిచెను. ఆ ఎన్నికదినమైన నవంబరు 2వ తేదీననే పిట్స్‌బర్గ్ కేంద్రము అధ్యక్షపదవి ఎన్నిక ఫలితములను రేడియోలో ప్రసారము చేసెనని మావంటివారము జ్ఞాపకము చేసికొందుము.

ఇక చిక్కు ఇచ్చటనున్నది. స్త్రీలకు వోటు వలదని వాదించినవారిలో ఈమెయే ముందుండెను. ఓక్లహోమాలో 1918లో స్త్రీలకు ఆ హక్కు లభించెను. రెండేండ్లకు ఆమె దాని నీడనే సభకు పోయెను. పోయి, మాతాశిశు సంరక్షణకు ధనసహాయము చేయు షెప్పర్డ్–టౌనర్ బిల్లును ఎదిరించెను. ప్రభుత్వము కుటుంబవిషయములలో చొరబడరాదని ఆమె వాదము. స్త్రీసంఘములకు అది పెద్ద ఆశాభంగము. ఆమె ఎదిరించినను బిల్లు 1921లో చట్టమయ్యెను. పురిటిగదిలో తల్లుల, పసికందుల మరణములను తగ్గింపగల సహాయమును వలదనుట పొరపాటని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. స్త్రీ యైనంతమాత్రమున స్త్రీల పక్షమున నిలుచునను నియమము లేదు.

1921 జూన్ 20న సభాపతిస్థానమున కొంతసేపు కూర్చుండి, సభకు అధ్యక్షత వహించిన మొదటి స్త్రీ యయ్యెను. మరుసటి యేడు యుద్ధమునుండి వచ్చిన సైనికులకు బోనసు నిచ్చు బిల్లు వచ్చెను. రైలుకు ఎదురేగి అన్నము పెట్టిన ఆ చేయియే ఆ బిల్లునకు వ్యతిరేకముగా లేచెను. వోట్లు పోవునని ఆమెకు తెలియకపోదు. వోట్లకొరకు మాట మార్చనిది గనుక ఆమెను గౌరవింపక తప్పదు. ఆ మాట సరియైనదా యనునది వేరు ప్రశ్న. సైనికుల ఆగ్రహము మిన్నుముట్టెను. 1922లో హేస్టింగ్సే ఆమెను ఓడించెను.

తరువాతి దినములు కష్టముతో గడచెను. 1925లో ఇల్లు కాలిపోయెను. 1931 జూలై 1న మస్కోగీలోని మాజీ సైనికుల ఆసుపత్రిలోనే ఆమె కన్నుమూసెను. ఓక్లహోమానుండి మరియొక స్త్రీ, మేరీ ఫాలిన్, ఆ సభకు ఎన్నికైనది 2006లో.